టెంక రుచి

హైమవతి వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని బంగినపల్లి పండు కోస్తోంది. ముందుగదిలో గ్రంథాలయ సంఘం అధ్యక్షుడు జగన్మోహనరావు కాగితాలతో వచ్చి కూర్చున్నాడు. వేసవిలో ఇంటికొచ్చినవాళ్ళని పండు పెట్టకుండా పంపితే నూజివీడులో పరువు పోయినట్టే. ముప్పయ్యేళ్ళుగా ఆ పరువు కాపాడే పని హైమవతిదే.

భర్త రామచంద్రమూర్తి పోయి రెండేళ్ళయింది. ఆయన కథలు చదవనివాళ్ళు జిల్లాలో లేరంటారు. ఇప్పుడీ ఇంటిని మ్యూజియం చేస్తారట. ఆయన ఉన్నప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంచుతారట. ముందుగదిలో కిటికీ పక్కన ఆయన పడకకుర్చీ, రాతబల్ల. హైమవతి మంచం మళ్ళీ వంటింటి పక్క గదిలోకి. పొద్దున్నే ఊడ్చి, దీపం పెట్టి, చూడవచ్చినవాళ్ళకి కాసిని కాఫీ నీళ్ళిస్తే చాలట.

“మీకేం ఇబ్బంది ఉండదమ్మా. అప్పుడెలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉండొచ్చు” అన్నాడు జగన్మోహనరావు, వరమిస్తున్నట్టు.

అలాగే అంటే ఎలాగో అతనికేం తెలుసు? ఆ గదికి కిటికీ లేదు. పొయ్యి ఆర్పినా పొగ పోదు. “రాసుకునేవాడికి గాలి కావాలి హైమా, నీకేం, పడుకోగానే నిద్రపోతావు” అనేవారు ఆయన. నిద్రపోయేది కాదు, కళ్ళు మూసుకునేది. మంచివారే. ఒక్కనాడూ కసురుకోలేదు. అందుకే ఈ బాధ ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలిసేది కాదు. ఆయన పోయిన కొన్నాళ్ళకి తనే మంచాన్ని కిటికీ పక్కకి ఈడ్చుకొచ్చింది. తోటల మీంచి గాలి వచ్చింది. ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి, పొద్దున లేచి సిగ్గుపడింది. ఆ తర్వాత సిగ్గుపడటం మానేసింది.

ఇల్లు ఆమె పుట్టింటివారు ఆమె పేరనే కొనిచ్చింది. సంతకం ఆమె పెట్టాలి. ఆ సంగతి పెద్దమనుషులకి ఒక లాంఛనం మాత్రమే.

ముక్కలు పళ్ళెంలో సర్ది, అలవాటు కొద్దీ టెంక తనకని పక్కన పెట్టుకుంది. గుమ్మం దాకా వచ్చిన జగన్మోహనరావు అది చూసి మురిసిపోయాడు.

“మాస్టారు రాసినట్టే ఉందమ్మా. మా ఆవిడకి టెంకంటే ప్రాణం, ముక్కలు పెట్టినా ముట్టదు అన్నారు కదా. ఆ మాట బోర్డు మీద రాయించి ఈ వంటింటి గోడకే కొట్టిస్తున్నాం.”

ముక్కలు ఎవరు పెట్టారని? మామగారికి, ఆయనకి, ఆయన స్నేహితులకి వడ్డించాక మిగిలేది టెంకే. కొత్త కాపురంలో ఒకరోజు ఆయన చూసి “టెంకంటే అంతిష్టమా?” అని నవ్వారు. ఔనంది. కొత్తకోడలు ఇంకేమంటుంది? ఆ ఒక్క మాట పుస్తకంలోకెక్కి, ఇప్పుడు గోడకీ ఎక్కబోతోంది.

హైమవతి పళ్ళెం తీసుకుని ముందుగదిలోకి నడిచింది. తన మంచం మీద, కిటికీ పక్కన కూర్చుని, పెద్ద ముక్క తీసుకుని నెమ్మదిగా తింది.

“నాకు టెంక ఇష్టం లేదండీ. ఎప్పుడూ లేదు” అంది. “మ్యూజియం పెట్టుకోండి. సంతకం చేస్తాను. ఆయన కుర్చీ, బల్లా వంటింటి పక్క గదిలో వేయించండి. ఈ గది మాత్రం నాది.”

జగన్మోహనరావు నిజంగానే కంగారుపడ్డాడు.

“ఆ గదిలో గాలాడదమ్మా. కుర్చీ పాడైపోతుంది.”

హైమవతి రెండో ముక్క తీసుకుంది.