లీనో కుర్చీ

పొద్దున్న ఏడు కొట్టేసరికి ఆర్డెల్ హైస్కూలు వంటావిడ మిస్ ఇమోజీన్ పిండి తట్టలు పట్టుకుని వెనకాల షెడ్డులోకి వెళ్తుంది. రోల్స్ అనే చిన్న బన్నుల కోసం కలిపిన పిండి పొంగాలంటే వెచ్చగా ఉండే చోటు కావాలి. పడమటి టెక్సస్‌లో చలిగాలి ఎముకలు కొరుకుతుంది, ఆ వంటగది హీటరేమో ఎప్పుడు పనిచేస్తుందో దానికే తెలియదు. అందుకని ఆవిడ తట్టలన్నీ తీసుకెళ్లి, చదువు మధ్యలో మానేసిన పిల్లల కుర్చీల మీద వరసగా పెడుతుంది. నలభై నిమిషాల్లో పిండి తట్ట అంచు దాటుతుంది. ఆర్డెల్ రోల్స్ అంత మెత్తగా చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లో దొరకవు.

ఆ స్కూల్లో అంతే. పట్టా పుచ్చుకోకుండా వెళ్లిపోయిన పిల్లల కుర్చీ, ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు వెచ్చగా ఉండిపోతుంది. వాళ్లు ఎప్పటికైనా చదువు పూర్తి చేస్తే చల్లబడుతుంది, లేదా వాళ్లు కన్ను మూస్తే చల్లబడుతుంది. కొత్త పిల్లలు వాటిలో కూర్చోమంటే కూర్చోరు. ఎవరి ఒళ్లోనో కూర్చున్నట్టుందని మొహం చిట్లిస్తారు. అందుకే ఎన్నో ఏళ్లుగా అవన్నీ షెడ్డుకే చేరాయి. రాజధాని నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు తమ కాగితంలో వాటిని "వాడని కుర్చీలు, రెండు వందల పధ్నాలుగు" అని రాసుకుని, తలా ఒక రోల్ తిని వెళ్లిపోయారు.

ఇమోజీన్ తట్టలు సర్దాక ఏడుంబావుకి ఒఫీలియా బారియెంటోస్ వస్తుంది. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ ఆ స్కూలు రిజిస్ట్రార్. ఏ పిల్ల వచ్చింది, ఏ పిల్లాడు పోయాడు, పట్టాకి ఎవరికి ఏం తక్కువైంది అన్నదంతా ఆవిడ ఫైళ్లలోనే ఉంటుంది. రెండో వరసలో ఒక నీలం కుర్చీ ఉంది. దాని వీపు మీద ఎవరో కంపాస్ ముల్లుతో లారీ బొమ్మ గీశారు. ఒఫీలియా దాని మీద, జ్వరం చూస్తున్నట్టు అరచెయ్యి ఆనిస్తుంది. వెచ్చగా ఉంటే వెళ్లి కాఫీ తాగుతుంది. పదకొండేళ్లుగా అది వెచ్చగానే ఉంది. ఆ కుర్చీ మీద ఇమోజీన్ ఎన్నడూ తట్ట పెట్టలేదు. పెట్టొద్దని ఆవిడకి ఎవరూ చెప్పనూ లేదు.

ఆ కుర్చీ ఒఫీలియా కొడుకు లీనోది.

లీనో మొద్దేమీ కాదు. అన్నీ పాసయ్యాడు, ఒక్క లెక్కల దగ్గరే బండి ఆగింది. రాష్ట్రం పెట్టే లెక్కల పరీక్ష గట్టెక్కనిదే పట్టా రాదు. రెండోసారి రెండు మార్కుల్లో పోయింది. ఆ ఫిబ్రవరిలో విసుగెత్తి, పత్తి మిల్లులో పనికి కుదిరాడు.

ఆ ఏడు స్కూలు ప్రాణం కూడా గొంతులోనే ఉంది. రాష్ట్రం పిల్లలకి మార్కులు వేసినట్టే స్కూళ్లకీ వేస్తుంది. ఆర్డెల్‌కి వరసగా నాలుగేళ్లు ఎఫ్ వచ్చింది. ఐదోసారి వస్తే తలుపులకి తాళం పడుతుంది, పిల్లలు నలభై మైళ్లు బస్సులో పోవాలి. చేరినవాళ్లలో ఎంతమంది పట్టా పుచ్చుకున్నారన్నది చూస్తే గట్టెక్కడానికి సరిగ్గా ఒక్కడు తక్కువయ్యాడు. అయితే ఇంట్లోవాళ్లతో కలిసి సొంత దేశం వెళ్లిపోయిన పిల్లల్ని మానేసినవాళ్లలో కలపరు. ఒక కాగితం, దాని మీద తల్లో తండ్రో పెట్టిన సంతకం ఉంటే చాలు. అలాంటి స్కూళ్లలో పనిచేసిన వాళ్లందరికీ ఈ దారి తెలుసు, తెలియదని చెప్పేవాళ్లకి మరీ బాగా తెలుసు.

అప్పటి ప్రిన్సిపల్ మిస్టర్ డ్రిస్కల్ ఆ కాగితం తెచ్చి ఒఫీలియా బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను నిన్నేమీ చెయ్యమనడం లేదు అన్నాడు. ఆవిడ రెండు చోట్ల సంతకం పెట్టింది, ఒకటి రిజిస్ట్రార్‌గా, ఒకటి తల్లిగా. మెక్సికోలో అమ్మమ్మ ఊరికి వెళ్లాడని రాసింది. ఆ అమ్మమ్మ లీనో పుట్టకముందే పోయింది. వాడు ఏనాడూ సరిహద్దు నది దాటిన వాడు కాదు.

స్కూలు గట్టెక్కింది. ఊరంతా ఫుట్‌బాల్ మైదానంలో పొగబెట్టి మాంసం కాల్చుకుని పండగ చేసుకుంది. మొదటి పళ్లెం ఒఫీలియాకే ఇచ్చారు. ఆవిడ తింది కూడా.

ప్రతి సెప్టెంబరులో ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఆ నెల ఆఖరి శుక్రవారంలోపు తిరిగొచ్చిన వాళ్లని మానేసినట్టు లెక్కవేయరు గనక, టీచర్లు డోనట్ల డబ్బాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, రండి బాబూ రండి అని బతిమాలతారు. ఆ ఏడు సెప్టెంబరులో ఒఫీలియా ఇంటి తలుపు ఎవరూ తట్టలేదు. లీనో మెక్సికోలో ఉన్నాడు కదా. వాడే వచ్చాడు, తల తడిపి దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. వచ్చి ఆఫీసులో తల్లి బల్లకి ఎదురుగా కూర్చున్నాడు.

"ఈసారి లెక్కలు పాసవుతానమ్మా. నా పేరు ఎక్కించు" అన్నాడు.

పేరు ఎక్కిస్తే పాత కాగితం బయటపడుతుంది. ఒఫీలియా కంప్యూటర్ తెర వైపు చూస్తూ, "ఈ ఏడు వద్దు నాన్నా. వచ్చే ఏడు చూద్దాం" అంది.

లీనో లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి తెర మీద ఉన్నది చదివాడు. వాడికి చదవడంలో ఎప్పుడూ ఇబ్బంది లేదు.

"నేను మెక్సికోలో ఉన్నానా?"

"అది ఉత్త కాగితం నాన్నా."

"సంతకం నీదే కదా" అన్నాడు వాడు.

తలుపు దభాలున వెయ్యలేదు, మెల్లిగా దగ్గరికి లాగి వెళ్లాడు. సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి వాడి బట్టల సొరుగు ఖాళీగా ఉంది. ఆ తర్వాత ఉత్తరం లేదు, ఫోను లేదు. తనకంటూ మిగిలింది ఆ నీలం కుర్చీ వెచ్చదనం ఒక్కటే, దాన్ని పట్టుకునే పదకొండేళ్లు గడిపింది.

పండగలు చేసుకున్నంత మాత్రాన స్కూలు బాగుపడదు. మళ్లీ ఎఫ్‌లు వచ్చాయి. ఈసారి మే నెలాఖరుకి మూసెయ్యాలని రాజధాని నుంచి ఉత్తర్వు, దాంతోపాటు ఒక కొత్త ప్రిన్సిపల్, మిసెస్ రెన్‌ఫ్రో. కసాయిని పంపారనుకున్నారు అందరూ. తీరా చూస్తే ఆవిడ పొద్దున్నే వచ్చి పొద్దుగుంకేదాకా ఫైళ్లు తిరగేసే మనిషి. కేవలం పరీక్ష దగ్గర ఆగిపోయిన పాత విద్యార్థులకి, ఫైలు సరిగ్గా ఉంటే, ముగ్గురు కూర్చుని సంతకాలు చేసి పట్టా ఇవ్వొచ్చని కొత్త నియమం వచ్చింది. ఎవరూ పట్టించుకోని ఆ నియమాన్ని పట్టుకుని రెన్‌ఫ్రో షెడ్డు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ అంతా ఒక్కొక్క కుర్చీ చల్లబడుతూ వచ్చింది. యాభై ఏళ్ల లారీ డ్రైవరొకడు పట్టా పుచ్చుకుని, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఒకావిడ మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఫైలు ఎంతకీ కుదరని వాళ్ల కుర్చీల్ని ఇంటివాళ్లు తీసుకెళ్లారు. మీరు నా పొయ్యిలన్నీ ఆర్పేస్తున్నారని ఇమోజీన్ రెన్‌ఫ్రో మీద సణిగింది, అయినా సంతోషంగానే ఉంది.

మే మూడో వారానికి షెడ్డులో ఒక్క కుర్చీ మిగిలింది. రెన్‌ఫ్రో దాని మీద చెయ్యి పెట్టి, చేతిలో జాబితా చూసి, ఇది ఎవరిదని అడిగింది. జాబితాలో దానికి పేరు లేదు. మెక్సికో వెళ్లిపోయిన వాడు పట్టా బాకీ ఉన్నవాళ్లలో ఎలా ఉంటాడు? ఇమోజీన్ వినపడనట్టు తట్ట తుడుస్తూ ఉండిపోయింది.

"నాది" అంది ఒఫీలియా. "ఇంటికి తీసుకెళ్తాను."

మిగిలిన సామాను ఎత్తుకెళ్లడానికి శుక్రవారం లారీ వస్తుంది, ఆలోపు తీసుకెళ్లమంది రెన్‌ఫ్రో.

ఆ సోమవారమే ఉత్తరం వచ్చింది, వయోమింగ్ నుంచి. గాలిమరలు బాగుచేసే పని నేర్పే బడి వాళ్లు రాశారు. లీనో బారియెంటోస్ అనే అభ్యర్థి మీ దగ్గర చదివానంటున్నాడు, పట్టా ఇచ్చారా లేదా తెలపగలరు అని. వెనకాల వాడు నింపిన ఫారం నకలు ఉంది. అడ్డగీత పెట్టిన ఏడు అంకె, కుంటినట్టు ఉండే అక్షరాలు, అన్నీ వాడివే. చదువు ఎందుకు ఆపారన్న చోట, "మెక్సికో వెళ్లాను. కావాలంటే ఆ స్కూలు రిజిస్ట్రార్‌ని అడగండి" అని రాశాడు. తల్లి పేరు అన్న గడిలో ఏమీ రాయకుండా గీత గీశాడు.

ఒఫీలియా దాన్ని సొరుగులో, స్టాప్లర్ కింద పెట్టింది.

జవాబు రాయడం రెండు నిమిషాల పని. పట్టా ఇవ్వలేదు, దేశం విడిచి వెళ్లాడు అని రాస్తే సరి, రికార్డులో ఉన్నది అదే. నిజం రాసి రెన్‌ఫ్రోకి ఇస్తే కొత్త నియమం కింద కొడుక్కి పట్టా వస్తుంది, కుర్చీ చల్లబడుతుంది. రాయకపోతే ఆ కుర్చీ తన వంటింట్లో ఉంటుంది. రోజూ పొద్దున్న చెయ్యి ఆనిస్తే చాలు, ఎక్కడో బతికే ఉన్నాడని తెలుస్తుంది. పనిమంతుడు, ఇంకెక్కడైనా చేర్చుకుంటారులే అని మూడు రోజులు తనకి తాను చెప్పుకుంది. ఆవిణ్ణి తప్పుపట్టడం తేలికే. పదకొండేళ్లు ఒక ప్లాస్టిక్ కుర్చీని పట్టుకుని బతికిన మనిషికి, దాన్ని వదులుకొమ్మంటే ప్రాణం ఒప్పుకోదు.

బుధవారం మధ్యాహ్నం కుర్చీ ఎత్తుకుని కారు దగ్గరికి బయల్దేరింది. సగం దూరంలో మోకాలు పట్టేసింది. చుట్టూ కూర్చునే చోటు ఏదీ కనపడక ఆ కుర్చీలోనే కూలబడింది. ఇన్నేళ్లలో దాని మీద చెయ్యి వెయ్యడమే గాని కూర్చున్నది లేదు.

కూర్చున్నాక తెలిసింది. ఆ వేడి లేచి వెళ్లిపోయిన మనిషిది కాదు. ఇంకా కూర్చునే ఉన్నాడు వాడు. కంగారుపడితే లీనో కుడి మోకాలు ఆడించేవాడు, ఆ వణుకు కూడా తన కాలికి తగిలింది. తడిపి దువ్విన జుట్టుతో, ఉతికిన చొక్కాతో, ఆ సెప్టెంబరు నుంచి తన బల్ల ఎదురుగానే కూర్చుని, పేరు ఎక్కిస్తుందేమోనని చూస్తున్నాడు. బతికే ఉన్నాడన్న కబురనుకుని ఇన్నేళ్లూ తను రోజూ తడిమి చూసుకున్నది వాడి ఎదురుచూపుని. ఆ ఎండలో, కార్ల మధ్య, ఒఫీలియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తర్వాత కుర్చీ ఎత్తుకుని మళ్లీ లోపలికి వెళ్లి, నాలుగు వాక్యాలు రాసి రెన్‌ఫ్రో ముందు పెట్టింది. నా కొడుకు మెక్సికో వెళ్లలేదు. ఇక్కడే ఉన్నాడు. తిరిగి చేరతానని వస్తే చేర్చుకోలేదు. ఆ కాగితం నేనే రాశాను.

రెన్‌ఫ్రో రెండుసార్లు చదివింది. "ఇది పైకి పంపితే మీ పేరు నిలవదు, మిస్ ఒఫీలియా. ఆ ఏడు స్కూలుకి వచ్చిన మార్కూ నిలవదు."

"తెలుసు."

"రేపట్నుంచి చెయ్యి పెట్టి చూసుకోడానికి కూడా ఏమీ ఉండదు."

"అదీ తెలుసు" అంది ఒఫీలియా.

గురువారం ముగ్గురు కూర్చున్నారు. లీనో ఫైల్లో లెక్కల పరీక్ష తప్ప ఇంకే లోటూ లేదు. సంతకాలు జరుగుతుంటే ఒఫీలియా పక్కనున్న కుర్చీ మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంది. మూడో సంతకం పడ్డాక, మర్చిపోయిన కాఫీ చల్లారినట్టు, మెల్లిమెల్లిగా చల్లారింది. ఇమోజీన్ గుమ్మం దాకా వచ్చి చూసి వెనక్కి వెళ్లింది.

మర్నాడు మైదానంలో ఆఖరి పట్టాల పండగ జరిగింది. లీనో పేరు పిలిచారు. తల్లి వెళ్లి అందుకోవచ్చన్నారు గాని ఒఫీలియా లేవలేదు. ఫారంలో ఆ గడిలో గీత ఉంది కదా. పట్టా పోస్టులో వెళ్లింది.

పైనుంచి ఉత్తర్వు రాకుండా ఎలా ఉంటుంది? స్కూలు గట్టెక్కిన ఏడు గోడ మీద పెట్టిన గౌరవ ఫలకం నుంచి ఆవిడ పేరు తీసేశారు. ఆనాడు మైదానంలో మాంసం తిన్నవాళ్లు ఇప్పుడు కొట్లో ఎదురైతే పక్క వరసలోకి తిరుగుతున్నారు. మిస్టర్ డ్రిస్కల్ పెట్రోలు బంకులో ఆవిణ్ణి చూసి, వంగి టైర్లు చూసుకున్నాడు.

జూన్‌లో వయోమింగ్ నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది. పట్టా అందింది, అభ్యర్థిని చేర్చుకున్నాం అని. ఒఫీలియా దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

నీలం కుర్చీ ఇప్పుడు ఆవిడ వంటింట్లో, బల్లకి అవతలి పక్కన ఉంది. రోజూ ఏడుంబావుకి అలవాటు కొద్దీ చెయ్యి ఆనిస్తుంది. మామూలు ప్లాస్టిక్, చల్లగా ఉంటుంది. కొడుకు ఎలా ఉన్నాడో తెలియాలంటే ఇక, అందరు తల్లుల్లాగే, వాడు చెప్పాల్సిందే. ఒఫీలియా కాఫీ పోసుకుని ఫోను పక్కన కూర్చుంటుంది. ఎనిమిదింటిదాకా కూర్చుని, కప్పు కడిగి బోర్లిస్తుంది.

వాడింకా చెప్పలేదు.