సీఆర్ వదినగారి ఫ్లెక్సీ

నవనీతను క్లాస్ రిప్రజెంటేటివ్‌గా, అంటే సీఆర్‌గా, ఎన్నుకున్న మహత్తర ఘడియలో ఆమె క్లాసులోనే లేదు. వరండాలో స్తంభం చాటున నిలబడి, తాండూరు ఇంట్లో ఉన్న రెండేళ్ల కూతురు రిషిక పెరుగన్నం తిన్నదా లేదా అని అత్త బుగ్గమ్మను ఫోన్‌లో నాలుగోసారి అడుగుతోంది.

వికారాబాద్‌లోని ఆ స్టడీ సెంటర్‌లో దూరవిద్య డిగ్రీ క్లాసులు ఆదివారం ఆదివారం జరుగుతాయి. సెంటర్‌ను చూసుకునేది మహిధర్ సార్. పైనుంచి ఆయనకొక ఫారం వచ్చింది. అందులో ‘ఎన్నికైన విద్యార్థి ప్రతినిధి’ అనే గడి ఖాళీగా ఉంది. ప్రజాస్వామ్యం మీద సార్‌కు ఎంతో గౌరవం, ఆ గడి నిండేదాకా. ఎవరు నిలబడతారని అడిగితే ముప్పై మందీ ఒక్కసారిగా నేలచూపులు చూశారు. క్లాసులో అందరికంటే పెద్దదైన నవాబుపేట సత్యమ్మే చివరికి దారి చూపించింది.

"గా తాండూరు పిల్లను పెట్టుండ్రి సార్. ఎట్లైన పొద్దందాక ఫోన్లనే ఉంటది. మన ముచ్చట్లు గూడ మాట్లాడుతది."

ముప్పై చేతులు లేచాయి. నవనీత లోపలికి వచ్చేసరికి చప్పట్లు మోగుతున్నాయి. ఎవరికో అనుకుని ఆమె కూడా కొట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెబితే, మేకలను దొడ్లోకి తోలి వచ్చిన మామ బీరన్న చేతులు కడుక్కుంటూ ఆగిపోయాడు.

"ఎన్ని ఓట్లు పడ్డయి బిడ్డా?"

"ముప్పై మామా. ఎదురు ఎవ్వలు నిలవడలే."

"ఏకగ్రీవమన్నట్టు. మన వార్డు కౌన్సిలరుకు గూడ గంత కాలే."

తెల్లారేసరికి టీ కొట్టు దగ్గర నలుగురికీ తెలిసింది. మధ్యాహ్నానికి పక్కింటి కాశమ్మ పింఛను కాగితాలు పట్టుకుని గడపలో కూర్చుంది. అది కాలేజీ పదవి, దానితో పింఛను రాదని నవనీత నచ్చజెప్పబోయింది. కాశమ్మ విని, "గెలిచినంక అందరు గట్లనే అంటరు తియ్యి" అని కాగితాలు అక్కడే పెట్టి వెళ్లింది.

పదవి వైభవం అలా ఉంటే, నవనీత సొంత బాధ ఇంకోలా ఉంది. పది ఆదివారాల్లో కనీసం ఆరు వారాలు హాజరు పడితేనే హాల్ టికెట్ ఇస్తారు. మహిధర్ సార్ సరిగ్గా తొమ్మిదికి రిజిస్టర్ తెరిచి, తొమ్మిదీ ఐదుకు మూస్తారు. పాఠం మాత్రం పదింటికి. మధ్యలో ఆ గంట సార్ టీ తాగుతారు.

నవనీత భర్త అరుణ్‌కుమార్‌కు కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. పొద్దున అత్తా మామా మేకల పనిలో ఉంటారు కాబట్టి, ఏడున్నరకు వచ్చి అతను పిల్లను ఎత్తుకుంటే తప్ప ఆమె గడప దాటలేదు. ఆదివారాలు సగం బస్సులు పెళ్లిళ్లకు కిరాయికి పోతాయి. దొరికిన బస్సు వికారాబాద్ చేరేసరికి తొమ్మిదిన్నర. తాండూరు వైపు నుంచి వచ్చే ఏడుగురిదీ ఇదే కథ. గంటన్నర ప్రయాణం చేసి వచ్చి, సాయంత్రందాకా పాఠం విని, రిజిస్టర్‌లో మాత్రం రానివాళ్లుగా ఇంటికి పోతారు.

ఇంటర్ మధ్యలో పెళ్లితో ఆగిన చదువు ఆమెది. అర్హత పరీక్ష రాసి ఇంతదాకా వచ్చింది. బుగ్గమ్మ మొదటి రోజే తేల్చి చెప్పింది. "ఈ ఏడు సూస్త. పరీక్షల కూసుంటె సరే. లేకుంటె ఇంక సాలు, పొల్లను సూసుకుంట ఇంట్ల ఉండు."

అందుకని మూడో ఆదివారం, సీఆర్ హోదాలో, ధైర్యం కూడగట్టుకుని సార్ గదికి వెళ్లింది.

"రిజిస్టర్ జర ఆగి తెరువుండ్రి సార్. తొమ్మిది ముప్పావుకు. మేమేడుగురం..."

"బస్సుకు నేను టైమ్ చెప్పలేను కదమ్మా. దరఖాస్తు ఇవ్వు, పరిశీలిద్దాం."

తప్పులు పోతాయేమోనన్న భయంతో మూడుసార్లు చించి, నాలుగోసారి శుభ్రంగా రాసి ఇచ్చింది. సార్ దాన్ని పేపర్ వెయిట్ కింద పెట్టారు. నాలుగో ఆదివారం అడిగితే, పరిశీలనలో ఉందన్నారు. కాగితం అదే పేపర్ వెయిట్ కింద, అదే మడతతో పరిశీలనకు నోచుకుంటోంది. అప్పటికి నవనీతకు పడిన హాజరు ఒక్కటే. అది కూడా మొదటి వారం భర్తకు సెలవు దొరికి, బస్సు పొరపాటున పెందలాడే రావడం వల్ల.

ఇక మరిది రాకేష్. తాండూరులో ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో పని. కొలత తప్పి మిగిలిన ఒక ముక్క దొరికేదాకా ఓపిగ్గా మూడు వారాలు ఆగి, శుక్రవారం నాడు ఇంటి ముందు కరెంటు స్తంభానికి కట్టేశాడు. ‘వికారాబాద్ స్టడీ సెంటర్ విద్యార్థి ప్రతినిధిగా ఏకగ్రీవంగా ఎన్నికైన మా వదిన శ్రీమతి నవనీత గారికి హార్దిక శుభాకాంక్షలు.’ నవనీత ఫోటో పెళ్లి ఆల్బమ్‌లోది, మెడలో సగం దండతో సహా. దానికి రెండింతలుగా రాకేష్, నల్ల కళ్లద్దాలతో. పైన మూలకు, ఆశీస్సులిస్తున్నట్టు, గోళీకాయంత మహిధర్ సార్. అది క్లాసు గ్రూపులో సార్ పెట్టుకున్న ఫోటోనే.

"తియ్యిర రాకేషూ. సారు సూస్తె నా సదువు ఖతమైతది."

"ఏం ఫికర్ లేదు వదినా. నా స్టేటస్‌ల పెట్టిన. నూట నలభై మంది సూసిండ్రు."

ఆ నూట నలభైలో ఒకరు నవనీతతో చదివే అక్షర. ఆమె దాన్ని క్లాసు గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో సార్ కూడా ఉన్నారు. పది నిమిషాల్లో సార్ నుంచి రెండు ముక్కలు వచ్చాయి: ‘ఆదివారం కలవండి.’

ఆదివారం బస్సులో నవనీత క్షమాపణ మాటలు బట్టీ పట్టింది. గదిలో అడుగు పెట్టీ పెట్టగానే అప్పజెప్పింది.

"మా మరిదికి తెలివి లేదు సార్. నేను వద్దనే అన్న. ఇయ్యాలనే తీసేపిస్త."

"తీసేయడం ఎందుకమ్మా?" సార్ ఫోన్‌లో బొమ్మను వేళ్లతో సాగదీసి చూశారు. "కానీ ఈ ఫోటో ఏమిటి? ఆధార్ కార్డు మీద ఉన్నట్టున్నాను. అడిగితే మంచిది ఇవ్వకపోయేవాడినా?"

నవనీత కూడా మెడ చాచి ఆ బొమ్మను చూసింది.

"వచ్చే నెల డైరెక్టర్ గారు మన సెంటర్‌కు వస్తున్నారు. గేటు దగ్గర ఒకటి ఉంటే బాగుంటుంది. సెంటర్ గౌరవం కోసమే, నాకోసం కాదు. నా ఫోటో ఇంత ఉంటే చాలు." సార్ రెండు చేతులూ చాపారు. చేతులు గోడకు తగిలి ఆగాయి.

నవనీత పేపర్ వెయిట్ వైపు చూసింది.

"పెట్టొచ్చు సార్. గంతకంటె పెద్దగ గూడ పెట్టొచ్చు. కని మా మరిది ఏమంటడంటె, ఫోటో కింద ఒక ముచ్చట రాయాలెనట. సారు ఏం చేసిండ్రు అని." రాకేష్ ఆ మాట అనలేదు. రాకేష్‌కు అంత ఆలోచన ఉంటే కళ్లద్దాలు తీసేసేవాడు. "‘దూరం నుంచి వచ్చే విద్యార్థుల కోసం హాజరు సమయం మార్చిన మహిధర్ సార్’ అని రాస్తె మస్తుగుంటది."

"మార్చిన..." సార్ నెమ్మదిగా చదువుకున్నట్టు అన్నారు. "కానీ నేనింకా మార్చలేదు కదా?"

"మారిస్తె రాస్తడు సార్."

సార్ టేబుల్ మీద చూపు తిప్పారు. "ఆ దరఖాస్తు ఇక్కడే ఎక్కడో ఉండాలి, చూడు" అన్నారు సార్. నవనీత దాన్ని వెతకడానికి అట్టే కష్టపడలేదు. రెండు వారాలు పట్టిన పరిశీలన సంతకంతో సహా అర నిమిషంలో ముగిసింది.

గురువారం కల్లా గేటు పక్కన ఫ్లెక్సీ లేచింది. ఆరో ఆదివారం తాండూరు బస్సు తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి వచ్చింది. ఏడుగురూ చెప్పులు చేతబట్టుకున్నంత పని చేసి ఉరికారు. క్లాసులో సత్యమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది.

"మంచి పనే చేసినవ్ తల్లీ. మీకేమో నలభై అయిదు నిమిషాలు కలిసొచ్చె. మేము తొమ్మిదికే వచ్చి సారు ముఖం సూసుకుంట కూసున్నం. గేటు కాడొకటి, లోపటొకటి."

"నన్ను గెలిపించిందే నువ్వు గదా అక్కా."

"అదే నా తప్పు" అని సత్యమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

సార్ రిజిస్టర్ తెరిచారు. ఒక్కో పేరూ పిలుస్తున్నారు. తాండూరు వాళ్లు ఒక్కొక్కరూ అవసరానికి మించి గట్టిగా పలుకుతున్నారు. నవనీత వేళ్లు మడిచి లెక్కేసుకుంది. ఒకటి పడింది, మిగిలినవి ఐదు. ఐదింట్లో ఒక్కటి తప్పినా బుగ్గమ్మ మాటే చెల్లుతుంది. తన పేరు వచ్చే చోట సార్ తల ఎత్తకుండా ఏదో గీసి, తర్వాతి పేరుకు వెళ్లిపోయారు.

నవనీత లేచి నిలబడింది.

"సార్, నన్ను పిలవలే."

"నీది వేసేశానులేమ్మా. లీడర్‌వి, నిన్ను పిలవడం ఎందుకు?"

"పిలువుండ్రి సార్."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. సార్ కళ్లజోడు సర్దుకుని, పేజీలో వెనక్కి వచ్చి, వేలు పెట్టి చదివారు.

"నవనీత."

"ఉన్న సార్" అంది. సార్ పెన్ను ఆ గడి మీదినుంచి లేచేదాకా చూసి, అప్పుడు కూర్చుంది.