పేరు చెక్కిన ఫోన్

నయాపూల్ దగ్గర వైకుంఠానికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. బిందె కొన్నా గ్లాసు కొన్నా పేరు చెక్కించుకోనిదే ఎవరినీ కదలనివ్వడు. ఏడేళ్ల కింద ఫోన్ కొన్ననాడు, ఆ చెక్కే మిషన్‌తోనే దాని వెనక రేకు మీద తన పేరూ తారీఖూ చెక్కుకున్నాడు. వస్తువంటే జన్మంతా రావాలని వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు. ఆయన భార్య రాజమణి తనకో కొత్త ఫోన్ కావాలని రెండేళ్లుగా అడుగుతోంది. అడిగినప్పుడల్లా ఆయన తన ఫోన్ తిరగేసి చూపి పాఠం చెప్పేవాడు.

అప్‌డేట్ చెయ్యమని ఫోన్ అడిగితే ‘తర్వాత’ అని నొక్కేవాడు. కొన్నాళ్లకు అది అడగడం మానేసింది. ఫోన్‌కు బుద్ధి వచ్చిందని మురిసిపోయాడు మహానుభావుడు. కంపెనీయే దాన్ని వదిలేసిందని మొన్ననే తెలిసింది. ఆర్డర్లు వచ్చే మెసేజీల యాప్ నెలాఖరు నుంచి ఈ ఫోన్‌లో పనిచెయ్యదట.

కొత్తది కొనక తప్పదు. కొంటే రాజమణి ముందు ముఖం చెల్లదు. చాటుగా కొనేద్దామని ఫోన్ల దుకాణానికి వెళ్లాడు. అక్కడ స్రవ్య అనే అమ్మాయి పాత ఫోన్‌ను తిరగేసి చూసింది.

“అంకుల్, గిది ఎక్స్‌ఛేంజ్‌ల పోదు. పేరు గిట్ల చెక్కినంక ఎవలు తీస్కుంటరు?”

“చెయ్యి పెట్టి చూడు బిడ్డా. ఒక్క అక్షరమన్న అరిగిందా?”

“అక్షరాలు మస్తుగున్నయ్ అంకుల్. ఫోనే పోయింది.”

పాతది జేబులో వేసుకుని కొత్తది కొన్నాడు. తన దుకాణంలో పెడితే పనివాళ్లు చూస్తారని టిఫిన్ సంచిలో అడుగున దాచి, బహదూర్‌పురాలోని ఇంటికి తెచ్చాడు. గిన్నెలు కడగడానికి రాజమణి రోజూ విప్పేది ఆ సంచినే. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయనకు ఆ సంగతి ఇంకా తెలిసిరాలేదు.

కాళ్లు కడుక్కుని వచ్చేసరికి ఆమె కొత్త ఫోన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

“ఏందిది?”

“ఫోన్.”

“ఎవలకు?”

నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. “నీకే,” అన్నాడు.

రాజమణి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“నేను అడిగింది నీ చెవుల పడ్తలేదనుకున్న. అన్నీ యాదికుంచుకున్నవ్. నువ్వు గా పాతదాంతోనే నెట్టుకొస్తున్నవ్, నాకైతే కొత్తది తెచ్చినవ్.”

వైకుంఠానికి తల కొట్టేసినట్టయింది. ఆమె మాట ఆయన ఒక్కనాడూ చెవికెక్కించుకోలేదు. ఇవాళ ఫోన్ల దుకాణంలో నిలబడి ఉన్నప్పుడు కూడా, ఆమెకొకటి కొందామన్న ఆలోచనే రాలేదు. సిగ్గేసింది. ఇంత సంబరంగా ఆమె తనవైపు చూసి ఎన్నేళ్లయిందో గుర్తులేదు, అదీ అబద్ధానికే. ఉన్నది చెప్పేద్దామని నోరు తెరిచాడు.

“కవర్ ఏ రంగుది కావాలె?” అన్నాడు.