మాఫీ వద్దన్న సుబ్బలక్ష్మమ్మ

ఇంటి పన్ను కట్టొద్దంటే గొడవకు దిగిన మనిషిని కుందుర్పి చుట్టుపక్కల పల్లెల్లో అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. సుబ్బలక్ష్మమ్మ దిగింది. పంచాయతీ ఆఫీసుకు వచ్చి, కొంగుముడి విప్పి నోట్లు బల్ల మీద పెట్టి, "నా దుడ్లు తీసుకొని నా రసీదు నాకియ్యి" అని భీష్మించుకు కూర్చుంది.

"పెద్దమ్మా, మీ ఆయన మిలిటరీలో చేసినాడు గదా. అట్లాంటోళ్లు ఉండే ఇంటికి పన్ను లేదు. ఆయన పోయినా, ఆ ఇంట్లో భార్య ఉంటాంటే ఆమెకూ మాఫీనే" అంది కొత్తగా వచ్చిన పంచాయతీ కార్యదర్శి ప్రశాంతి.

"మాఫీ ఎవురికి గావాల? ఊరంతా కట్టేది నేనెందుకు కట్టగూడదు?"

మండే ఎండలో నడిచొచ్చి మరీ పన్ను కట్టే మనిషి దొరికితే ఏ కార్యదర్శి అయినా కళ్లకద్దుకోవాలి. ప్రశాంతి మాత్రం ఆ నోట్లు తిరిగి ఆమె చేతిలోనే పెట్టి పంపించింది.

సుబ్బలక్ష్మమ్మ భయం వేరే. బావ బయ్యన్నది పక్క ఇల్లే, మధ్యన ఒక్క గోడ. తమ్ముడు, అంటే ఆమె భర్త నాగేశ్వర, పోయినప్పటి నుంచి బయ్యన్న కన్ను ఆ గోడ మీదే ఉంది. అది పడగొడితే తన కొడుక్కి జీన్స్ కుట్టే మిషన్లు వేసుకోవడానికి చోటు దొరుకుతుంది. "పిల్లా జెల్లా లేనిదానివి, మా తమ్ముని ఇల్లంతా నీకెందుకమ్మా?" అని అరుగు మీద కూర్చున్నప్పుడల్లా అనేవాడు. ఆమె లోపలికి పోయి, ఇనుప తీగెకు గుచ్చిన పన్ను రసీదులు తెచ్చి, ఆయన ఎదుటే దుమ్ము దులిపి మళ్లీ తగిలించేది. చదువు రాకపోయినా, ఏ కాగితం చూపిస్తే ఎవరి నోరు మూతపడుతుందో ఆమెకు తెలుసు.

మాఫీ సంగతి చెవిన పడగానే బయ్యన్న నవ్వాడు. "పన్ను లేకుంటే రసీదు లేదు. రసీదు లేకుంటే ఇల్లు నీదని యాడ చూపిస్తావమ్మా?"

ఆ రాత్రి ఆమె తీగె మీది రసీదులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. రెండు రోజులు గడిచాక ప్రశాంతే ఇంటికి వచ్చి, మాఫీ ఎందుకు వద్దంటున్నావని అడిగితే, దాచుకోకుండా అంతా చెప్పింది. ప్రశాంతి తీగె దించి రసీదులన్నీ తిరగేసింది.

"పెద్దమ్మా, ఇవన్నీ నాగేశ్వర పేరు మీదే ఉండాయి. నీ పేరు యాడా లేదు."

"ఎట్లుంటాది? నేనే మార్చొద్దన్నా. పేరు తీసేస్తే మనిషిని ఇంకోసారి సాగనంపినట్లు గాదా?"

భర్త పోయిన ఆడవాళ్లు ఆ పల్లెల్లో చాలామంది చేసే పనే అది. పన్ను ఆయన పేరుతోనే కడుతుంటే ఆ ఇంటికి ఇంకా యజమాని ఉన్నట్లే వాళ్లకు.

"ఇల్లు తమ్మునిదనే గదా మీ బావ అనేది? ఈ రసీదులూ అదే చెప్తాండాయి. మాఫీ అట్లా గాదు. ఇల్లు నీదై, దాంట్లో నువ్వుంటేనే మాఫీ. అది రావాలంటే ముందు మా రిజిస్టర్లో ఇల్లు నీ పేరు మీదికి రావాల."

సుబ్బలక్ష్మమ్మ రసీదుల తీగెను వెనక్కి లాక్కుంది. ఇన్నేళ్లూ తనకు కాపలా అనుకున్న కాగితాలు బావ పక్షానే మాట్లాడుతున్నాయి.

"ఆయప్ప పేరు కొట్టేస్తారా?"

"యాడ కొట్టేస్తాం? సుబ్బలక్ష్మమ్మ, భర్త నాగేశ్వర అని రాస్తాం. మాఫీ ఎందుకిచ్చినామో రాసేచోట కూడా ఆయన పేరే."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని వేలిముద్ర వేసింది.

పేరు మార్పు మీద అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చని ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. రోజూ ఆ దారిన పోతూ సుబ్బలక్ష్మమ్మ దాన్ని చూసేది, ఇల్లు నిలుస్తుందో పోతుందో ఆ కాగితమే తేల్చాలి. గడువు ముగిసే ముందు బయ్యన్న ఆఫీసు మెట్లెక్కడం కనబడింది. తానూ వెనకాలే వెళ్లింది.

"మా తమ్ముని పేరు కొట్టేస్తాండారంట?" అన్నాడాయన.

"లేదన్నా, ఈడ చూడు" అని ప్రశాంతి రిజిస్టరు ముందు పెట్టింది.

బయ్యన్న అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా చదివాడు. తమ్ముడి పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"మంచులో కావలి కాసి ఆ ఇల్లు కట్టినాడు వాడు" అన్నాడు చివరికి. మరదలి వైపు చూడకుండానే, "మిషన్లకు మా వాకిట్లోనే రేకులు వేసుకుంటాంలే" అని దిగి వెళ్లిపోయాడు.

మాఫీ వచ్చిన సంగతి చెప్పడానికి ప్రశాంతి ఇంటికే వచ్చింది. "కొళాయి పన్ను మాత్రం తప్పదు పెద్దమ్మా. దానికి మాఫీ లేదు."

"దానికి రసీదిస్తారా?"

"ఇస్తాం."

"ఎవురి పేరు మీద?"

"నీ పేరు మీదే."

సుబ్బలక్ష్మమ్మ అప్పటికే కొంగుముడి విప్పుతోంది. పన్ను అడిగినందుకు అంత సంబరపడిన మనిషిని ప్రశాంతి తన ఉద్యోగంలో చూడలేదు. రసీదు రాసి చదివింది.

"సుబ్బలక్ష్మమ్మ, భర్త నాగేశ్వర."

"ఇంకోసారి చదువు పాపా" అంటూ ఆమె తీగె అందుకుంది. "ఈసారి కొంచెం గట్టిగా. గోడ అవతలికి వినపడాల."