సన్న గ్లాసు

గరాటు కింది సీసాను రెండు చేతులా పైకి తీసి, అందులో తేలుతున్న వేపాకును చిటికెన వేలితో పారేసి, మంగయ్య నీళ్లను కొలత గ్లాసులోకి వంచాడు. గొంతుక్కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కన్నును గీతకు సమానంగా తెచ్చాడు. ఒకసారి నిండా ఇరవై, రెండోసారి మూడు. ఇరవై మూడు మిల్లీమీటర్లు. గ్లాసు తిప్పి ఇంకోవైపు నుంచి కూడా చూసి, ఆ నీళ్లను మందార చెట్టుకు పోసి, చొక్కా అంచుతో చేతులు తుడుచుకుని రిజిస్టరు తెరిచాడు. 2012 జూలై ముప్పై ఒకటి, ఉదయం ఎనిమిదిన్నర. తను రాసే చివరి అంకె ఇదే. సాయంత్రానికి రిటైర్మెంటు.

ఎర్రకుంట మండలాఫీసులో మంగయ్య అటెండరు. పొట్టి మనిషి, వంగిన భుజాలు, ఎడమ కనుబొమ మీద చిన్నప్పుడు గొర్రెపోతు పొడిచిన మచ్చ. ఫైళ్లు మోయడం, చాయ తేవడం అందరు అటెండర్లూ చేసేదే. వాన కొలవడం ఒక్కటే అతను తనదనుకున్న పని. ఇరవై ఆరేళ్లుగా పండగైనా జ్వరమొచ్చినా ఎనిమిదిన్నరకు వానగరాటు చుట్టూ ఉన్న జాలీ కంచె లోపల ఉండాల్సిందే. ఊళ్లో దానికి పెద్ద గౌరవమేమీ లేదు లెండి. "పడ్డ వానను కొలిస్తే పెరుగుతదా, తరుగుతదా?" అని భార్య ఆండాలు మొదటి నుంచీ ఎగతాళి చేస్తూనే ఉంది.

కంచెకు పది అడుగుల దూరంలో మూడు వారాల కింద ఒక మూడు కాళ్ల ఇనుప కంబం పాతారు. నెత్తిన సోలార్ పలక, పక్కన తెల్లటి డబ్బా. అది తనంతట తానే వాన కొలిచి పట్నానికి పంపుతుందట. మంగయ్య దాని వంక సవతి బిడ్డను చూసినట్టు చూస్తుంటాడు.

"కాకా, ఇయ్యాల ఎంతొచ్చింది?" కంప్యూటర్ ఆపరేటర్ నాగరాణి అప్పుడే వచ్చి బ్యాగు కుర్చీకి తగిలిస్తూ అడిగింది.

"ఇరవై మూడు."

ఆమె తెర వైపు వంగి చూసి నొసలు ముడిచింది. "మిషన్ల పదకొండున్నర ఉంది."

"ఆ మిషన్ మీద కాకి కూసుంటది బిడ్డా. దానికేం తెలుస్తది?"

"మొన్న నువ్వు పన్నెండు రాసినవ్, అది ఆరన్నది. అంతకు ముందు నీది ఎనిమిది, దానిది నాలుగు. తప్పైతే ఒకపారి ఎక్కువ, ఒకపారి తక్కువ రావాలె గదా. ప్రతిసారీ సగమే ఎట్లొస్తది?"

మంగయ్య బయటికెళ్లి కంబం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తెల్లడబ్బా మీద కాకిరెట్ట కూడా లేదు. గరాటు వంగిందేమోనని చూశాడు, నిటారుగానే ఉంది. గోడ మీంచి ధార కారుతుందేమోనని చూశాడు, గోడ చాలా దూరం. పదడుగుల ఎడంలో ఆకాశం ఒకచోట ఇరవై మూడు, ఇంకోచోట పదకొండున్నర కురిసిందా? అదేం చిత్రం! ఇద్దరిలో ఎవరికి మతి తప్పిందో అతనికి అర్థం కాలేదు.

పదకొండింటికి బీరువా, టేబులు సొరుగు ఖాళీ చేసి అప్పజెప్పడానికి కూర్చున్నాడు. దారపు ఉండలు, ఎండిన స్టాంపు ప్యాడ్, ఏ తాళానివో తెలియని తాళంచెవులు. సొరుగు మూలన గుండుసూదులు వేసుకునే గాజు మొదలు తగిలింది. అది పాత కొలత గ్లాసు అడుగు భాగం. పోయినేడు జూన్లో కడుగుతుంటే జారి నల్లా గట్టు మీద పగిలింది. ఇన్నేళ్ల సర్వీసులో మెమో ఎరగని మనిషి, ఎవరికీ చెప్పలేదు. కోదాడ వైపు ఓ ఆఫీసులో పనిచేసే తోడల్లుడు గోపాల్‌ను బతిమాలి, వాళ్ల స్టోరులో మూలనపడ్డ గ్లాసొకటి తెచ్చుకున్నాడు. పాతదానికన్నా కొంచెం సన్నంగా ఉందనిపించింది. గీతలున్నాయి, అంకెలున్నాయి. వాన కొలవడానికి ఇంకేం కావాలి?

గుండుసూదులు కాగితం మీద గుమ్మరించి మొదలును తిరగేశాడు. అడుగున మసకగా 200 అని చెక్కి ఉంది. సన్న గ్లాసు తిరగేశాడు. 100. కాళ్లీడ్చుకుంటూ కంచె దాకా వెళ్లి గరాటు ఇత్తడి అంచును బొటనవేలితో రుద్దాడు. 200.

వెనక్కి వచ్చి, చెంబుతో నీళ్లు తెచ్చి, సన్న గ్లాసులో ఆరో గీత దాకా పోశాడు. ఆ నీళ్లనే జాగ్రత్తగా పగిలిన మొదలులోకి వంచాడు. మూడో గీత దగ్గర ఆగాయి. మళ్లీ పోశాడు. మూడే. టేబులంతా తడిసింది, గుండుసూదులు తడిశాయి.

"ఏం జేస్తున్నవ్ కాకా?" నాగరాణి లేచి వచ్చింది.

అతను ఆ మూడు అంకెల గురించీ చెప్పాడు. ఆమె కాసేపు చూసి మెల్లగా అంది: "ఈ అంకెలు గరాటు మూతి వైశాల్యం కాకా, వెడల్పు గరాటుకు లావు గ్లాసే ఉండాలె. సన్నదాంట్ల పోస్తే నీళ్లు రెట్టింపు ఎత్తు నిలవడవా?"

అంతే. ఇంత చిన్న సంగతి. మంగయ్య పోయినేటి రిజిస్టరు తీశాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆరువందల పన్నెండు. సక్కటి వాన. అందులో సగం మూడువందల ఆరు. చుట్టూ ఉన్న మండలాలన్నీ కరువు జాబితాలో చేరాయి, ఎర్రకుంట ఒక్కటే చేరలేదు. అంకెలు బాగున్నాయిగా మరి!

ఆ సెప్టెంబరులోనే అన్న అచ్చయ్య ఎండిన పత్తి మొక్కను వేళ్లతో సహా పీకి ఆఫీసుకు తెచ్చాడు. "సుక్క పడలే సారూ, సూడుండ్రి" అని పాత తహసీల్దారు ముందు మొత్తుకున్నాడు. సారు మంగయ్య వైపు చూశాడు. మంగయ్య రిజిస్టరు విప్పి, అందరి ముందూ, సొంత అన్నతో అన్నాడు: "నా చేతుల్తోటి కొలిచిన్నే. గ్లాసు అబద్ధమాడదు. తాగి మాట్లాడకు, ఇంటికి పో."

అచ్చయ్య ఆ రోజు తాగలేదు. అప్పటి నుంచి తమ్ముడితో మాట్లాడలేదు. మేతలేక సంక్రాంతి లోపే గొర్రెల మందంతా అమ్మేశాడు.

రెండింటికి మంగయ్య తహసీల్దారు గదిలోకి వెళ్లి, రెండు గ్లాసులూ టేబులు మీద పెట్టి, తడబడుతూ అంతా చెప్పాడు. కొత్తగా వచ్చిన తహసీల్దారు మొదట విసుగ్గా విన్నాడు, తర్వాత తలుపు వైపు చూశాడు, తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆ జాబితా పోయి ఏడాది కావొస్తంది మంగయ్యా. ఇప్పుడు నువ్వు రాసిస్తే ముందు ఆగేది నీ పెన్షన్. తర్వాత నన్నడుగుతరు. రేపటి నుంచి మిషనే కొలుస్తది. గ్లాసు లోపల పెట్టు."

"మరి రాసింది తప్పు గద సార్?"

"ఎవరన్నరు తప్పని? ఎవరన్న అడిగిన్రా నిన్ను?"

ఎవరూ అడగలేదు, నిజమే. అయితే తప్పు కానట్టేనా? మంగయ్య రెండు గ్లాసులూ జేబుల్లో వేసుకుని బయటికొచ్చాడు.

మూడింటికి సన్మానం. మెడలో బంతిపూల దండ, భుజాన మెరూన్ శాలువా. తహసీల్దారు మైకు లేకుండానే గట్టిగా చెప్పాడు: "ఇరవై ఆరేళ్లల్ల ఒక్క మిల్లీ తప్పు రాయని మనిషి!" అందరూ చప్పట్లు కొట్టారు. నాగరాణి కొట్టలేదు, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మాట్లాడమంటే మంగయ్య లేచి, "నేను... పోయినేడు..." అని ఆగిపోయాడు. శాలువా కొసతో ముఖం తుడుచుకున్నాడు. పాపం దుఃఖమొచ్చిందని ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చేసరికి ఆండాలు గుమ్మంలోనే ఉంది. దండ వంక చూడకుండా చెప్పింది: "మీ అన్న పోతున్నడు. మిర్యాలగూడల రైసుమిల్లు కాడ వాచ్‌మెన్ పనంట. ఐదున్నర బస్సుకంట."

మంగయ్య శాలువా కూడా తీయకుండా బస్టాపుకు నడిచాడు.

అచ్చయ్య సిమెంటు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గొంగడి మూట, ఒక సంచి, నీళ్ల సీసా. గొర్రెల వెంట తిరిగి తిరిగి నల్లబడ్డ పొడుగాటి మనిషి, ఏడాదిలోనే మెడ నరాలు తేలాయి. తమ్ముణ్ని చూసి ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

"అన్నా," అన్నాడు మంగయ్య. జేబులోంచి సన్న గ్లాసు తీశాడు. అన్న సీసాలోంచి నీళ్లు అందులో పోశాడు. రెండో జేబులోంచి మొదలు తీసి అందులోకి వంచాడు, తిరిగి సన్నదాంట్లోకి వంచాడు. సగం నీళ్లు చేతుల మీదే పోయాయి. "గిది మన గరాటుది కాదే అన్నా. సన్నది. సగం వానకు నేను నిండు వాన రాసిన. నాకు తెల్వలే."

అచ్చయ్య గ్లాసు అందుకుని ఎత్తి చూశాడు. గాలికి దుమ్ము లేచింది.

"ఒక్క మాట జెప్పురా మంగా. పోయినేడు వాన పడలే, గంతేనా?"

"పడలే అన్నా."

"నేను జెప్పింది నిజమేనా?"

"నిజమే."

అచ్చయ్య తల ఊపాడు. "అందరు వాన పడ్డదన్నరు. కాయితం మీద ఉన్నదన్నరు. నా కండ్లకే ఏమన్నయిందో, నా చేలనే దోషముందో అనుకున్న. మీ వదినను గూడ తిట్టిన, ఇత్తనం సక్కగ ఎయ్యలేదని." గ్లాసును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "మందను అమ్మినప్పుడు గూడ గదే అనుకున్నరా. నాదే తప్పని."

"పోకే అన్నా. రేపు సూర్యాపేట పోయి పెద్దాఫీసుల చెప్తా. రాసిస్తా. పెన్షన్ పోతే పోనీ."

"చెప్పు. రాసియ్యి. జీవాలైతే రావు గదరా." కోపంగా అనలేదు. అదే మంగయ్యకు భరించరాకుండా ఉంది. తిట్టినా బాగుండేది, ఒక్కటి పీకినా బాగుండేది.

మలుపులో బస్సు హారన్ వినిపించింది. అచ్చయ్య గ్లాసులో ఉన్న నీళ్లు గటగటా తాగి, దాన్ని అరుగు మీద పెట్టి, మూట భుజానికెత్తుకున్నాడు. మంగయ్య భుజాన ఉన్న శాలువా తీసి అన్న మీద కప్పబోతే వద్దనలేదు.

బస్సు వెళ్లిపోయింది. మంగయ్య పగిలిన మొదలును పిడికిట్లో పట్టుకుని, అది గీసుకుని వేలు నెత్తురుతో చెమ్మగిల్లుతున్నా తెలియక, కాసేపు రోడ్డు మీదే నిలబడ్డాడు. తర్వాత ఇంటి వైపు కాక, సూర్యాపేటకు ఆటోలు ఆగే చోటు వైపు నడిచాడు. ఈ వేళకు పెద్దాఫీసు తీసి ఉండదని అతనికి తోచలేదు.

అరుగు మీద సన్న గ్లాసు ఉండిపోయింది. అడుగున, అచ్చయ్య తాగగా మిగిలిన, రెండు గీతల మేర నీళ్లు.