అంచు మీద పేర్లు

రోజలిన్ కళ్ళజోడు తీయనంది.

"ఫోటోల్లో బాగోదు ఆంటీ. ఆ వాచీ కూడా తీసేయండి," అన్నాడు అరుణ్ కుమార్.

విశాఖపట్నంలో అతనికో డిజైన్ కంపెనీ ఉంది. పేరు 'మూరెడు'. ఊరూరా పాత కట్టడాలు అద్దెకు తీసుకుని మూడేసి రోజులు ప్రదర్శనలు పెడతాడు. ఈసారి అనకాపల్లిలో ఖాళీగా పడి ఉన్న బెల్లం గోదాము దొరికింది. గోడలకు సున్నం వేయించినా బెల్లం వాసన పోలేదు. పైనుంచి తీగలకు పదకొండు బొంతలు వేలాడుతున్నాయి. వాటిని పాత చీరలతో కుట్టింది రోజలిన్, ఆమె పక్కింటి బుల్లమ్మ. వేసవంతా ఇద్దరికీ అదే పని.

"జోడు తీసేత్తే సూదిలో దారం నువ్వెక్కిత్తావా బాబూ?"

"సరే, ఉంచుకోండి. గెస్టులొచ్చాక మాత్రం మాట్లాడకండి. మధ్యలో చాప మీద కూర్చుని ఈ పెద్ద బొంతకి అంచు కుడుతూ ఉండండి. చూసేవాళ్ళకి అదే ప్రోగ్రాం."

రోజలిన్ గోడనున్న బోర్డు చదివింది. 'అజ్ఞాత గ్రామీణ స్త్రీల చేతిపని. డిజైన్: అరుణ్ కుమార్.'

"అజ్ఞాత అంటే ఎవరు బాబూ? మా ఇల్లు ఎతుక్కుంటూ వచ్చి, మజ్జిగ తాగి, పేర్లు రాసుకుని ఎళ్ళేవు గదా!"

"అలా ఉంటేనే ఒక ఫీల్ వస్తుంది ఆంటీ. బోర్డులు ప్రింటయిపోయాయి కూడా."

"మరి బుల్లమ్మ ఏదీ?"

"ఆవిడకి ఇన్విటేషన్ కార్డు లేదుగా. కార్డున్నవాళ్ళనే రానిస్తున్నాం."

బుల్లమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని గేటు బయట నిలబడి ఉంది.

రోజలిన్ వెళ్ళి చాప మీద కూర్చుంది. సంచీలోంచి సుద్దముక్క తీసి, బొంత నీలం అంచు మీద రెండు పేర్లు పెద్ద అక్షరాలతో రాసుకుంది. సూదికి ఎర్రదారం ఎక్కించి గొలుసుకుట్టు మొదలెట్టింది.

అయిదింటికి కార్లు వచ్చాయి. కెమెరాలు, సెంటు వాసనలు. అతిథులు చాప చుట్టూ గుమిగూడారు. రోజలిన్ తలెత్తలేదు, నోరు విప్పలేదు. ఒకావిడ వంగి చదివింది.

"రోజలిన్. మీ పేరామ్మా?"

ఆమె తలూపింది.

"మరి బోర్డు మీద లేదే?"

రోజలిన్ సూది మొన అరుణ్ కుమార్ వైపు చూపించింది. ఎవరో నవ్వారు.

అతను ఆమె పక్కన గొంతుక్కూర్చుని, "ఏంటిది? విప్పేయండి," అన్నాడు మెల్లగా.

"అయిదు మడతల్లోంచీ లాగి కుట్టేను. ఇప్పితే బట్ట సిరిగిపోద్ది."

"ఇంకెప్పుడూ మీకు పని ఇవ్వను."

"ఇవ్వకు." ఈసారి గోదామంతా వినబడేలా అంది. "నువ్వు రాకముందు ఈ ఊళ్ళో బొంతల్లేక సలికి ఎవుళూ సచ్చిపోలేదు." ఆ ఊపులోనే గేటు వైపు తిరిగి పిలిచింది. "బుల్లమ్మా! లోపలికి రా!"

వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. అందరి తలలూ అటు తిరిగాయి. వాచ్‌మన్ అరుణ్ కుమార్ వైపు చూశాడు. ఆ చెయ్యి కింద నుంచి వంగి బుల్లమ్మ లోపలికి వచ్చేసింది.

"నా పేరేదొదినా?"

రోజలిన్ సుద్దగీతలు చూపించింది. బుల్లమ్మ చాప మీద చతికిలబడి చెయ్యి చాచింది.

"సూది ఇటియ్యి."

"నీకు అచ్చరాలు రావు గదే."

"అచ్చరాలు రాకపోతే ఏటి? గీత మీద కుట్టడం రాదేటి నాకు?"

రోజలిన్ సూది ఇచ్చేసింది.

అరుణ్ కుమార్ లేచి చప్పట్లు చరిచి, వెనకాల టీలు సిద్ధంగా ఉన్నాయన్నాడు. కొందరు కదిలారు. చాలామంది అక్కడే నిలబడ్డారు. బుల్లమ్మ మొదటి అక్షరం వంపు దగ్గర ఆగి, దారం బిగించి, తలెత్తకుండానే అంది.

"మా టీలు ఇక్కడికే తెప్పించు బాబూ. నా పేరు అయ్యేసరికి దీపాలెట్టే ఏళవుద్ది."