గాలి తుపాకే కదా

మేకు గుచ్చుకుందన్నాడు తమ్ముడు. టైలరమ్మ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. వాడి మొదటి నిక్కరు కుట్టింది ఆవిడే, వాడి చేత పాత ఇనుప సామాన్ల షెడ్డు పెట్టించింది ఆవిడే, దగ్గరుండి పెళ్ళి చేసిందీ ఆవిడే. వీధి వీధంతా ఆవిణ్ణి టైలరమ్మ అంటే వాడొక్కడు మాత్రం "అమ్మక్కా" అని పిలిచేవాడు. అలాంటివాడు ఒక మాట చెబితే అది నిజమా అబద్ధమా అని ఎవరైనా తరచి తరచి అడుగుతారా?

ఆ రోజు చీకటి పడ్డాక చిట్టిని బండి మీద ముందు కూర్చోబెట్టుకుని తెచ్చాడు. చిట్టికి తొమ్మిదేళ్ళు. మధ్యాహ్నమే ఆడుకోవడానికని మామయ్య షెడ్డుకు వెళ్ళింది.

"గోడెక్కి దూకింది అమ్మక్కా, మేకు మీద పడింది. ఏం లేదు, చిన్న గాటు. నీ కూతురు కదా, కోతికి తోక ఒక్కటే తక్కువ" అన్నాడు.

నడుముకు కాస్త పైన, సరిగ్గా వెన్ను మీద, కందిగింజంత చిల్లు. రక్తం కూడా పెద్దగా లేదు. ఆవిడ మందు పూసి, దూది పెట్టి పడుకోబెట్టింది. ఎప్పుడూ వాగుడుకాయలా ఉండే పిల్ల ఒక్క మాట మాట్లాడకుండా గోడవైపు మొహం పెట్టుకుంది. అప్పుడైనా అనుమానం రావాల్సింది. రాలేదు.

పొద్దున్న మంచం దిగబోయి చిట్టి కుప్పకూలింది.

"అమ్మా, ఎడమకాలు నాది కానట్టుంది."

పెద్దాసుపత్రిలో వెన్నెముక డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసింది. బక్కపల్చటి మనిషి, నిద్ర లేని కళ్ళు.

"ఎలా తగిలిందన్నారు?"

"మేకండీ." టైలరమ్మ నోరు తెరిచేలోపే తమ్ముడు చెప్పేశాడు.

"మేకైతే గుచ్చుకుని బయటికొస్తుంది. లోపల కాపురం పెట్టదు." వెన్నుపూసల మధ్య తెల్లటి చుక్క మీద వేలు పెట్టింది. "ఇది ఎయిర్‌గన్ గుండు. ఎవరో పిల్లను కాల్చారు."

టైలరమ్మకు ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. డాక్టరమ్మ ఆగలేదు.

"ఇది వెన్నుపాముని ఆనుకుని కూర్చుంది. కాలి బలం తగ్గిపోతోంది కాబట్టి తీసెయ్యాలి. తీసేముందు లోపల ఎంత నలిగిందో చూడాలంటే ఎమ్మారై కావాలి. ఆ యంత్రం పెద్ద అయస్కాంతమమ్మా. గుండు సీసందైతే భయం లేదు. ఇనుపదైతే లోపలే కదిలి, ఉన్న నరాన్ని కూడా పాడు చేస్తుంది. ఎముకకు తగిలి చితికిపోయింది, ఏదో పోల్చుకోలేకపోతున్నా. ఆ గుండ్లు వచ్చిన డబ్బాలోంచి ఇంకొక్కటి తెచ్చి ఇవ్వండి చాలు, అయస్కాంతం పెట్టి చూస్తాం. తొందరగా తేవాలి."

"మా దగ్గర తుపాకులెక్కడివండీ, మేమేమన్నా పోలీసులమా?" తమ్ముడు నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

వరండాలోకి వచ్చాక ఆవిడ వాడి చెయ్యి పట్టుకుంది. "చిన్నోడా, నీ షెడ్డు చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా అలాంటిది ఉందా? గుర్తు తెచ్చుకోరా."

"నీ మీద ఒట్టు అమ్మక్కా, తెలిస్తే చెప్పనా? పక్క మేడ వాళ్ళెవరో కాల్చుంటారు. ఉండు, వెళ్ళి ఒక్కొక్కణ్ణి నిలదీసి వస్తా."

వెళ్ళాడు. ఆవిడ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. ఎక్కడో లారీ తోలుకుపోతున్న మొగుడికి ఫోన్ చేసి, "తమ్ముడు ఉన్నాడులే, అన్నీ వాడే చూసుకుంటున్నాడు, నువ్వు కంగారుపడి తోలకు" అని ధైర్యం చెప్పింది. డాక్టరమ్మ మనిషిని పంపి గుండు వచ్చిందా అని అడిగించింది. మళ్ళీ అడిగించింది. మంచం మీద పిల్ల కాలు బరువెక్కుతూనే ఉంది.

చివరికి పిల్లనే అడిగింది. "చిట్టీ, ఎవరమ్మా కాల్చింది?"

చిట్టి పెదవులు బిగించింది. "చెప్పకూడదు."

"ఎవరన్నారు?"

"చెబితే మామయ్య ఉరేసుకుంటాడంట. నువ్వేమో ఏడ్చి ఏడ్చి చచ్చిపోతావంట."

టైలరమ్మ పిల్ల తల నిమిరి, "నేను చావను, మామయ్యా చావడు. నిజం చెబితే ఎవరూ చావరు. చెప్పు తల్లీ" అంది.

"నేను ఖాళీ డబ్బాలు నిలబెడుతున్నా. మామయ్య వాటిని కొడుతున్నాడు. ఇందులో గుండు లేదులే, ఉత్త గాలే అని నవ్వుతూ నా వైపు పెట్టాడు. నేను డబ్బాల వైపు తిరిగా, వీపులో చురుక్కుమంది. తర్వాత మామయ్య ఏడ్చాడు. నన్ను గోనెల మీద పడుకోబెట్టి, తలుపుకు తాళమేసి, తుపాకి పారేసి వస్తానని వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదమ్మా. దాహమేసింది."

పరాచికానికి కాల్చాడు. సరే, అది తెలివితక్కువతనం. ఆ తెలివితక్కువతనం ఈ లోకంలో కావలసినంత ఉంది. ఆ తుపాకుల్ని బొమ్మల పక్కన వేలాడదీసి అమ్మే కొట్లున్నాయి, కొని చంటిపిల్లల చేతికిచ్చే తండ్రులున్నారు, గాలి తుపాకే కదా అని ఇకిలించే పెద్దమనుషులున్నారు. వాళ్ళందర్నీ పట్టుకొచ్చి ఈ వార్డులో నిలబెట్టి, కాలు కదపలేని పిల్ల పక్కబట్టలు మార్పించాలి. కానీ వెన్నులో గుండుతో ఉన్న పిల్లను ఇనప తుక్కు మధ్య పెట్టి తాళం వేసి, ముందు తన తప్పు దాచుకోవడానికి పోయాడే, దాన్ని ఏమనాలి? తెలివితక్కువతనం అనకూడదు. అది బాగా తెలిసి చేసిన పని.

తమ్ముడు మెట్లెక్కి వచ్చాడు. "అందర్నీ అడిగా అమ్మక్కా, ఒక్కడూ ఒప్పుకోవట్లేదు."

"గుండు ఇనుపదా, సీసందా?"

"ఏ గుండు?"

"నువ్వు నా కూతుర్ని కాల్చిన గుండు."

వాడు అక్కడే కూలబడి ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. మెట్లు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఆగి చూశారు. "బుద్ధి గడ్డి తిన్నది అమ్మక్కా. గాలి తుపాకే కదా అనుకున్నా..."

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని. డబ్బా ఏది?"

"మురుగు కాలవలో పడేశా. తుపాకీ, డబ్బా, రెండూ."

"ఏ కొట్లో కొన్నావు? పరిగెత్తి అలాంటి డబ్బానే ఇంకొకటి పట్రా."

వాడు ఆవిడ కాళ్ళు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నిన్నేరా. ఏ కొట్టు?"

"వెళ్తే వాడు నా మొహం గుర్తుపడతాడు అమ్మక్కా. రేపు పోలీసులొస్తే నా పేరే చెప్తాడు. నా పిల్లలు చిన్నవాళ్ళు."

ఆవిడకు అప్పుడు తెలిసింది. ఒక పిల్ల కాలు ఒకవైపు, తన పేరు ఒకవైపు పెట్టుకుని వీడు నిన్న సాయంత్రమే తూచేశాడు. తూచాకే బండెక్కించుకుని ఇంటికి తెచ్చాడు. కోతి, తోక అని జోకు కూడా వేశాడు.

కాళ్ళు విడిపించుకుని ఆవిడ తిన్నగా డాక్టరమ్మ దగ్గరికెళ్ళి అంతా చెప్పింది. ఆసుపత్రి గేటు దగ్గర కూర్చునే పోలీసుకూ చెప్పింది. "కాల్చినవాడు మీకేమవుతాడు?" అని అడిగాడతను. "తమ్ముడు" అంది.

ఇక ఆగే వీల్లేకపోయింది. ఎమ్మారై లేకుండానే, ఎముకలు చూపించే సీటీ స్కాన్ ఒక్కటే పట్టుకుని ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. బయటికొచ్చాక డాక్టరమ్మ చిన్న గిన్నెలో చితికిన బూడిదరంగు ముక్క చూపించింది.

"సీసం."

"అంటే ఆ స్కానింగు..."

"తీసుండొచ్చు. ముందే చూసుకుని వెళ్ళేవాళ్ళం."

"అది తియ్యకపోవడం వల్లేనా అమ్మా, ఎడమకాలు ఇలా..."

"దానివల్లేనని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను." గిన్నె మూత పెట్టింది. "కుడికాలు బాగుంది. ఎడమకాలు బొటనవేలు కాస్త కదిలిస్తోంది. చిన్నపిల్ల, నరం కోలుకోవచ్చు. ఎంతవరకో ఇప్పుడే అడక్కండి. ఒక్కటి మాత్రం మీ చేతుల్లో ఉంది. పక్క తిప్పినప్పుడల్లా మనిషి మొత్తం దుంగలా ఒకేసారి తిరగాలి. నడుం మెలిపడిందా, చేసిందంతా వృథా."

తమ్ముణ్ణి స్టేషన్‌కు పిలిపించారు, రాయించుకున్నారు, జామీను మీద వదిలేశారు. తిన్నగా వార్డుకొచ్చాడు. చేతిలో పండ్ల సంచి.

"పిల్ల కోలుకుంటోందట కదా అమ్మక్కా. నువ్వొక్క మాట చెబితే కేసు తేలికైపోతుందంటున్నారు. పొరపాటున పేలిందని..."

ఆవిడ వినలేదు. చిట్టిని పక్క తిప్పే వేళయింది. నర్సు భుజాలు పట్టుకుంది, టైలరమ్మ కాళ్ళు పట్టుకుంది. నడుం దగ్గర పట్టేవాళ్ళు లేరు.

"ఇంకొక మనిషి కావాలి, ఎవరన్నా రండి" అంది నర్సు.

వాడు సంచి కింద పెట్టి గబగబా వచ్చి చేతులు చాచాడు.

"చెయ్యి తియ్యి."

"అమ్మక్కా, నడుమే కదా, జాగ్రత్తగా పట్టుకుంటా..."

"తియ్యమన్నానా? నా పిల్ల వెన్ను మీద నీ చెయ్యి పడకూడదు."

పక్క మంచం పిల్లాడి తాత అప్పటికే లేచి, తడి చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చాడు. "నేనున్నా కదమ్మా. ఎక్కడ పట్టాలో చెప్పు, అక్కడ పడతా."

"తుంటి దగ్గర, తాతా. నేను ఊఁ అన్నాక."

ఊఁ అంది. ముగ్గురూ ఒక్కసారే తిప్పారు. నడుం మెలిపడలేదు. చిట్టి నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకుంది, ఏడవలేదు. తిరిగేసరికి పిల్ల మొహం వాడు నిలబడ్డ వైపు వచ్చింది.

టైలరమ్మ మంచం చుట్టూ తిరిగి వచ్చి, వాడికి వీపు పెట్టి, ఇద్దరి మధ్యా స్టూలు వేసుకుని కూర్చుంది.